పెరడు పొలమైన రోజులు

మన పట్టణాల శివార్లలో ఇంటిస్థలం మాట వచ్చినప్పుడు మొదట అడిగే ప్రశ్న "ఎన్ని గజాలు?" అని. రెండువందలనో, మూడువందలనో జవాబు వస్తుంది. అందులో ఇల్లు పోను మిగిలినది పెరడు. అక్కడ ఒక కరివేపచెట్టు, ఒక జామ, గోడమీదికి ఎగబాకిన ఆనపతీగె ఉంటే ఆ ఇల్లాలు అదృష్టవంతురాలని ఇరుగుపొరుగువారు అనుకుంటారు. సరిగా ఈ మూడువందల గజాల లెక్కనే ఆధారం చేసుకొని ఒక దేశప్రభుత్వం తన ప్రజల కూరగాయల సమస్యను పరిష్కరించుకోజూచినదంటే విద్యార్థులకు వింతగా తోచవచ్చును.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్రిటిషు వ్యవసాయశాఖ ప్రచురించిన ఒక కరపత్రంలో ఇంటితోటకు నమూనా పటం ఉన్నది. దాని పొడవు 90 అడుగులు, వెడల్పు 30 అడుగులు. హెచ్చవేస్తే 2,700 చదరపు అడుగులు, అనగా 300 చదరపు గజాలు. ఇంగ్లీషువారి పాత కొలతలో ఇది సుమారు పది చదరపు 'రాడ్'లు. రాడ్ అంటే అయిదున్నర గజాల కొలబద్ద. పది చదరపు రాడ్‌లు ఎకరంలో పదహారవ వంతు. మన లెక్కలో రెండున్నర గుంటలు, లేక ఆరుంబావు సెంట్లు.

ఇంత చిన్న నేల ఎంతమందిని పోషించగలదు? 1939 సెప్టెంబరులో యుద్ధం ఆరంభమైన కొద్ది వారాలకే, అక్టోబరులో, అప్పటి వ్యవసాయమంత్రి రెజినాల్డ్ డార్మన్-స్మిత్ రేడియోలో ఒక లెక్క చెప్పినాడు. దేశంలో మరి అయిదు లక్షల తోటమడులు సరిగా సాగుచేస్తే అవి పదిలక్షలమంది పెద్దలకూ, పదిహేను లక్షలమంది పిల్లలకూ సంవత్సరంలో ఎనిమిది నెలలపాటు బంగాళాదుంపలు, కూరగాయలు సమకూర్చగలవని ఆయన అంచనా. ఇరవై అయిదు లక్షలను అయిదు లక్షలతో భాగించండి. ఒక్కొక్క మడికి అయిదుగురు వస్తారు: తల్లి, తండ్రి, ముగ్గురు పిల్లలు. మంత్రిగారి పెద్ద లెక్క వెనుక ఉన్నది ఒక సామాన్య కుటుంబమూ, దాని పెరడూ మాత్రమే. తరగతిలో భాగహారం చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటె సరసమైన ఉదాహరణ దొరకదు.

అయితే ఈ ఆలోచన యుద్ధంలో పుట్టినది కాదు. దీనికి అర్ధశతాబ్దం ముందే అమెరికాలో ఒక చెప్పుల వ్యాపారి దీనిని ప్రయోగించి చూచినాడు.

ఆయన పేరు హేజెన్ పింగ్రీ. డెట్రాయిట్ నగరంలో బూట్ల కార్ఖానా నడిపి ధనవంతుడై, 1890లో ఆ నగరానికి మేయరైనాడు. 1893లో అమెరికాలో బ్యాంకులు కూలి, కార్ఖానాలు మూతపడి, వేలకొలది కూలీలు వీధిన పడినారు. వారిలో పోలండు, జర్మనీల నుండి వలస వచ్చినవారు చాలమంది. స్వదేశంలో వారు రైతులు. డెట్రాయిట్‌లో పని లేని కూలీలు. నగరం అంచున, రేపో మాపో ధర పెరుగుతుందని ధనవంతులు కొని అట్టేపెట్టుకొన్న ఖాళీస్థలాలు ఎకరాలకొలది పడి ఉన్నవి. పని లేని మనుషులు ఒక ప్రక్క, పని లేని నేల మరొక ప్రక్క. ఈ రెండింటినీ కలపవచ్చునని పింగ్రీకి తోచినది.

1894లో ఆయన ఆ స్థలాలను ఒక పంటకాలానికి ఎరువు ఇమ్మని యజమానులను కోరినాడు. దున్నడానికీ విత్తనాలకూ డబ్బు కావాలి. చర్చీలను చందా అడిగితే వచ్చినది అతి స్వల్పం. పత్రికలు ఎగతాళి చేసినవి. చివరకు తన సొంత గుర్రాన్ని వేలం వేసి ఆ సొమ్ము ఈ పనికి ఇచ్చినాడు. ఆ మొదటి సంవత్సరం సుమారు 430 ఎకరాలలో 945 కుటుంబాలు బంగాళాదుంపలు, చిక్కుడు, ఇతర కూరలు పండించుకొన్నవి. నవ్వినవారు నవ్వడం మానినారు. తరువాతి సంవత్సరాలలో అనేక అమెరికన్ నగరాలు ఈ పద్ధతిని అనుసరించినవి. పింగ్రీకి మాత్రం 'బంగాళాదుంపల పింగ్రీ' అనే పేరు స్థిరపడిపోయినది. ఎగతాళికి పెట్టిన పేరే బిరుదైనది.

బంగాళాదుంపనే ఆయన ఎందుకు ముందుకు తెచ్చినాడు? ఒక మనిషికి రోజుకు రమారమి రెండువేల కేలరీలు కావాలనుకొందాము. నూరు గ్రాముల టొమాటోలో సుమారు 20 కేలరీలున్నవి. టొమాటోలతోనే పొట్ట నింపుకోవాలంటే రోజుకు పది కిలోలు తినాలి! బంగాళాదుంపలో నూరు గ్రాములకు 75 లేక 80 కేలరీలు గలవు. రెండున్నర కిలోలతో సరిపోతుంది. ఆకలితో ఉన్నవానికి ముందు కావలసినది పిండిపదార్థం. విటమినుల మాట ఆ తరువాత. ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి. దీని అవసరం ఈ వ్యాసంలో మరొకమారు రానున్నది.

మొదటి ప్రపంచయుద్ధంలో 1917 మార్చిలో అమెరికాలో యుద్ధతోటల జాతీయసంఘం ఒకటి ఏర్పడినది. చార్లెస్ లాత్రాప్ ప్యాక్ అనే కలప వ్యాపారి దానికి నాయకుడు. 1918 నాటికి అమెరికాలో ఇటువంటి తోటలు అరకోటి దాటినవని ఆ సంఘం ప్రకటించినది. పాఠశాల పిల్లలను లక్షల సంఖ్యలో చేర్చుకొని 'పాఠశాల తోటసైన్యం' ఒకటి విద్యాశాఖవారే నడిపినారు. యుద్ధం ముగియగానే సైన్యమూ రద్దైనది, తోటలూ రద్దైనవి.

ఇక బ్రిటన్ సంగతి. యుద్ధానికి ముందు ఆ దేశం తన ఆహారంలో మూడింట రెండు వంతులకు పైగా ఓడలపై తెచ్చుకొనేది. జర్మన్ జలాంతర్గాములు ఓడలను ముంచసాగిన తరువాత, ఒక టన్ను కూరగాయలు స్వదేశంలో పండితే ఒక టన్ను చోటు ఆయుధాలకో, గోధుమలకో ఓడలో మిగిలినట్లే. పైగా ఆ దేశానికి ఒక అనుకూలం ఉన్నది. 1918లో ట్యూడర్ వాల్టర్స్ సంఘం నగరాలలో కట్టే కొత్త ఇళ్ళు ఎకరానికి పన్నెండుకు మించరాదని సిఫారసు చేసినది. రెండు యుద్ధాల నడుమ కట్టిన సుమారు నలభై లక్షల ఇళ్ళలో చాలవాటికి ఈ ధర్మమా అని వెనుక పెరడు ఏర్పడినది. వీధులనూ కలుపుకొని లెక్కిస్తే ఇంటికి నాలుగు వందల గజాలు. ఆ పెరట్లో పచ్చికా, గులాబీలూ పెంచడం అక్కడి శివారు గృహస్థుని ముచ్చట.

ఆ పచ్చికను తవ్వి కూరమడి చేయడం పైకి కనిపించినంత సులభం కాదు. ఇల్లు కట్టేటప్పుడు పునాదులు తీసిన అడుగుమట్టి పైకి వస్తుంది. సారమున్న పైమట్టి దానిక్రింద పూడిపోతుంది. మన కాలనీలలో కొత్త ఇంటి వెనుక ఎంత నీరు పోసినా మొక్క గిడసబారిపోవడానికి కారణం కూడా ఇదే. అడుగుమట్టిలో కుళ్ళిన సేంద్రియపదార్థం దాదాపు ఉండదు. సున్నం, సిమెంటు, ఇటుకముక్కలు మాత్రం పుష్కలం. అందువలన రెండు పారల లోతు తవ్వి, పైమట్టిని పైననే, అడుగుమట్టిని అడుగుననే ఉంచుతూ గుల్లచేయాలనీ, చెక్కిన పచ్చికను గడ్డివైపు క్రిందికి తిప్పి చాలులో పూడ్చాలనీ ఆ రోజుల తోటపని పుస్తకాలు చెప్పినవి. ఈ చెప్పడంలో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 1941లో వెలువరించిన పుస్తకం ప్రసిద్ధం. అందులో పార పట్టుకొనే తీరు మొదలు ప్రతిపనినీ ఫోటోలతో చూపినారు. చదివి నేర్చుకోలేనివాడు చూచి నేర్చుకొన్నాడు. ఆదివారం రేడియోలో మిడిల్టన్ అనే ఆయన తోటపని ముచ్చట్లు చెపితే లక్షలమంది చెవులప్పగించి వినేవారు. ఆయన ప్రసంగం పంతులుగారి పాఠంవలె గాక, ప్రక్క ఇంటి పెద్దమనిషి గోడమీదుగా పలకరించినట్లు ఉండేదట.

పచ్చికను దున్నినచోట మరొక శత్రువు ఎదురైనది. తీగముక్కవలె సన్నగా, గట్టిగా, పసుపురంగులో ఉండే ఒక పురుగు ఉన్నది. దానిని అక్కడివారు 'వైర్‌వర్మ్' అంటారు. ఇది ఒక జాతి పెంకుపురుగు పిల్లదశ. ఈ దశలో అది నాలుగైదేండ్లు నేలలోనే గడుపుతుంది. గడ్డి ఉన్నంతకాలం గడ్డివేళ్ళు తింటుంది. గడ్డి పోగానే దుంపలపై పడుతుంది. మొదటి సంవత్సరం ఉత్సాహంతో బంగాళాదుంప నాటినవారిలో కొందరికి జల్లెడవలె తూట్లుపడిన దుంపలు దక్కినవి. అటువంటి నేలలో మొదట బఠాణీ, చిక్కుడు వేసుకోవడం మేలు; వాటికి ఈ పురుగు బెడద తక్కువ.

పటంలోని మూడువందల గజాలను స్థూలంగా మూడు భాగాలు చేసినారు. ఒక భాగంలో బంగాళాదుంప, ఒక భాగంలో కాబేజీ మొదలైన చలికాలపు ఆకుకూరలు, మిగిలినదానిలో చిక్కుడు, బఠాణీ, ఉల్లి వంటివి. ఏటేటా ఈ భాగాలు చోటు మారాలి. చిక్కుడుజాతి మొక్కల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తవని 1886లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్‌రీగెల్ ప్రకటించినాడు. ఆ వేళ్ళు నేలలో కుళ్ళిన తరువాత వచ్చే ఆకుకూరకు కొంత నత్రజని దక్కుతుంది. కాబేజీ వేళ్ళను ఉబ్బించే తెగులుబీజాలు ఆ మట్టిలోనే ఏండ్లతరబడి కాచుకొని ఉంటవి గనుక, వరుసగా అదేచోట కాబేజీ నాటడం వాటికి విందు పిలుపు. మెట్టచేలలో పంటమార్పిడి ఎరిగిన మన రైతులకు ఇందులో వింత లేదు. కాని గుమాస్తాగిరీ తప్ప మరేమీ ఎరుగని లండన్ శివారు గృహస్థునకు ఇది కొత్త విద్య.

ఉల్లిపాయ సంగతి ప్రత్యేకంగా చెప్పదగినది. యుద్ధానికి ముందు బ్రిటన్‌కు ఉల్లి ఎక్కువగా ఫ్రాన్సులోని బ్రిటనీ తీరం, ఛానల్ దీవులు, స్పెయిన్ మొదలైన చోట్లనుండి వచ్చేది. 1940 జూన్‌లో ఫ్రాన్సు పడిపోగానే ఆ దారి మూసుకొనిపోయినది. మరుసటి సంవత్సరానికి ఉల్లి ఎంత అపురూపమైనదంటే లాటరీ వేసి బహుమతిగా ఇచ్చినారు! ఇక్కడ వృక్షశాస్త్రం ఒక మెలిక పెట్టినది. ఉల్లిగడ్డ ఊరడం పగటి నిడివినిబట్టి జరుగుతుంది. మన నేలలో పండే రకాలకు 11, 12 గంటల పగలు చాలు. ఉత్తరదేశపు రకాలకు 14 గంటలు దాటిన పగలు కావాలి. ఆ రకపు విత్తనం తెచ్చి కర్నూలులో చల్లితే ఆకు ఏపుగా వస్తుంది గాని గడ్డ ఊరదు. ఇంగ్లండులో వేసవి పగలు 16 గంటలకు పైబడి ఉంటుంది గనుక తగిన విత్తనం దొరికినవారు కొద్ది సంవత్సరాలలో తమ ఉల్లి తామే పండించుకోగలిగినారు. ఇంటితోట పెట్టేవారు విత్తనం ఎక్కడిదో అడిగి తీసుకోవడానికి ఇది ఒక్కటే చాలినంత కారణం.

ఎరువుల కొరత మరొక సమస్య. పొటాష్ యుద్ధానికి పూర్వం ముఖ్యంగా జర్మనీ, ఫ్రాన్సు గనులనుండి వచ్చేది. నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ నూటికి ఏడేసి పాళ్ళు ఉండే 'నేషనల్ గ్రోమోర్' అనే మిశ్రమఎరువును 1942లో తోటలవారికోసం విడుదల చేసినారు. అది చాలనివారికి మిగిలిన దారి కంపోస్టు కుప్ప. ఈ కుప్ప వెనుక ఉన్న శాస్త్రంలో ముఖ్యభాగం మన దేశంలో తయారైనదని చాలమందికి తెలియదు.

ఆల్బర్ట్ హోవర్డ్ 1905లో బీహారులోని పూసా పరిశోధనాలయానికి వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చినాడు. ఆయన భార్య గాబ్రియేల్ కూడా వృక్షశాస్త్రజ్ఞురాలే. 1924 నుండి ఇండోరులో కొత్త సంస్థను నడుపుతూ, యశ్వంత్ వాద్ అనే భారతీయ రసాయనజ్ఞునితో కలిసి పొలంలోని వ్యర్థాలను ఎరువుగా మార్చే పద్ధతిని కుదిర్చినాడు. 1931లో వారిద్దరి పేరుతో దానిపై పుస్తకం వెలువడినది. అదే 'ఇండోరు పద్ధతి'. ఎండుగడ్డి, ఆకులు, కాడలు ఒక పొర. పేడ, పశువుల మూత్రంతో తడిసిన మట్టి, కట్టెబూడిద మరొక పొర. ఇలా పేర్చి, తడి ఆరకుండా చూస్తూ, అప్పుడప్పుడు తిరగవేయాలి. మూడు నెలలలో ఎరువు సిద్ధం.

పెంటకుప్ప మన రైతుకు కొత్తది కాదు. మరి కొత్తదనమేమి? పాళ్ళు, గాలి, తేమ, ఈ మూడింటినీ కొలతకు తేవడమే. సూక్ష్మజీవులకు కర్బనం తిండి, నత్రజని ఒళ్ళు పెంచుకొనే సరుకు. కర్బనం ముప్పై పాళ్ళకు నత్రజని ఒక పాలు ఉంటే అవి చురుకుగా పెరిగి కుప్పను 60 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కిస్తవి. ఆ వేడికి కలుపు విత్తనాలు, తెగులుబీజాలు చాలవరకు చస్తవి. పచ్చిపేడ ఎక్కువైతే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. కుప్ప దగ్గరకు పోతే ముక్కే ఆ సంగతి చెప్తుంది. తాను రైతులనుండీ, పురుగులనుండీ నేర్చుకొన్నానని హోవర్డ్ వ్రాసికొన్నాడు. 1940లో ఇంగ్లండులో అచ్చైన ఆయన మరొక పుస్తకం చదివి, రోడేల్ అనే అమెరికన్ ప్రకాశకుడు 1942లో సేంద్రియ వ్యవసాయంపై ఒక పత్రిక ప్రారంభించినాడు. ఇండోరు కుప్ప ఆ విధంగా అమెరికా పెరడు చేరినది. వాద్ పేరు మాత్రం ఆ ప్రయాణంలో వెనుకబడిపోయినది. ఇది నాకు ఎప్పుడూ కష్టంగానే తోస్తుంది.

బ్రిటన్‌లో తోటమడులు 1939లో సుమారు 8,15,000. 1943 నాటికి 14 లక్షలు. లండన్ కోట చుట్టూ ఉన్న పాత అగడ్తలో కూరలు పండించినారు. బాంబులకు కూలిన తూర్పు లండన్ ఇళ్ళ శిథిలాలనుండి ఇటుకలు ఏరి, అక్కడ కూడ మడులు కట్టినారు.

అమెరికాలో కథ మరొక విధంగా నడచినది. 1941 డిసెంబరులో యుద్ధంలో దిగినప్పుడు అక్కడి వ్యవసాయశాఖ నగరాల పెరటితోటలను మొదట అంతగా ప్రోత్సహించలేదు. అనుభవం లేనివారు విత్తనాలు, ఎరువులు పాడుచేస్తారని భయం. నిజానికి అది అర్థం లేని భయమూ కాదు. అయినా ప్రజలు ఊరుకోలేదు. 1943లో అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్వెల్టు వైట్‌హౌస్ ఆవరణలోనే కూరమడి వేయించినది. ఆ సంవత్సరం దేశంలో సుమారు రెండు కోట్ల 'విజయతోటలు' ఉండెననీ, ప్రజలు తిన్న తాజా కూరగాయలలో నూటికి నలభై వంతులు వాటినుండే వచ్చినవనీ ప్రభుత్వం అంచనా వేసినది. రెండు కోట్ల పెరళ్ళలో ఎవరూ తక్కెడ పట్టుకొని నిలబడలేదు గనుక ఈ అంకెను అంచనాగానే తీసుకోవాలి.

పండినదంతా ఒకేమారు తినలేరు. 1943 మార్చి 1 నుండి డబ్బాలలోని ఆహారానికి రేషను వచ్చినది. ఇళ్ళలోనే గాజుజాడీలలో కూరలు నిలువచేయడం పెరిగినది. మన ఊరగాయలో ఉప్పు, పులుపు, నూనె కలిసి కాపలా కాస్తవి. చిక్కుడు, మొక్కజొన్న వంటి పులుపులేని కూరలను ఉత్త నీటిలో ఉడికించి జాడీకి మూత బిగిస్తే, గాలి చొరని ఆ చోట బాట్యులిజమ్ అనే ప్రాణాంతకమైన వ్యాధిని కలిగించే సూక్ష్మజీవి పెరగగలదు. దాని బీజాలు నీరు మరిగే 100 డిగ్రీలకు చావవు. 121 డిగ్రీలు కావాలి. పీడనంతో మూసిన పాత్రలోనే ఆ వేడి వస్తుంది. ప్రెషర్ పాత్రలు కొరతపడగా, ఊరంతటికీ ఒకచోట వాటిని అమర్చిన కేంద్రాలు వెలిసినవి.

ఈ విజయతోటల ప్రక్కనే ఒక చేదు నిజమున్నది. కాలిఫోర్నియా కూరగాయల సాగులో జపానునుండి వలస వచ్చిన కుటుంబాలది పెద్ద పాత్ర. 1942 ఫిబ్రవరి 19న వెలువడిన అధ్యక్షుని ఉత్తరువుతో పడమటితీరంలోని సుమారు 1,20,000 మందిని, అందులో మూడింట రెండు వంతులు అమెరికాలో పుట్టిన పౌరులే, ఇళ్ళు పొలాలు విడిపించి నిర్బంధశిబిరాలకు తరలించినారు. నేర్పరులైన తోటమాలులను ముళ్ళకంచె వెనుక ఉంచి, నేర్పులేనివారికి తోటపని నేర్పే పుస్తకాలు పంచినట్లైనది. కాలిఫోర్నియా ఎడారి అంచున మంజనార్ శిబిరంలో వారు బారకుల నడుమ ఇసుకనేలను బాగుచేసి కూరలు పండించినారు. రాళ్ళు పేర్చి కొలనులు కట్టినారు. మంజనార్ అంటే స్పానిష్ భాషలో ఆపిల్ తోట. పూర్వం అక్కడ ఉండిన ఊరివారు వదలిపోయిన పండ్లచెట్లకు కూడా వీరే తిరిగి నీరు పోసినారు. ఇసుకలో పూడిపోయిన ఆ కొలనులను పురాతత్వజ్ఞులు ఇటీవలి దశాబ్దాలలో మరల త్రవ్వి తీసినారు.

ఇంటితోట ఏమి చేయగలదో ఇంతవరకు చూచినాము. ఏమి చేయలేదో కూడ చూడాలి. 1942లో బర్మా జపాను వశం కాగానే మన దేశానికి అక్కడి బియ్యం రావడం ఆగిపోయినది. ఆ సంవత్సరమే భారతప్రభుత్వం అధికాహారోత్పత్తి ఉద్యమం ఆరంభించినది. ఖాళీస్థలాలలో కూరలు వేయమని మన పట్టణాలలోనూ ప్రచారం జరిగినది. అయినా 1943లో బెంగాల్ కరువులో సుమారు ముప్పైలక్షలమంది చనిపోయినారని అంచనా. అక్కడ లోపించినది కూరగాయ కాదు, అన్నం. దానిని కొనే శక్తి. పింగ్రీ కాలంనాటి కేలరీల లెక్కను మరల తలచుకోండి. నూరు గ్రాముల బియ్యంలో 350 కేలరీలు ఉన్నవి. మునగాకు, తోటకూర, బొప్పాయి పిల్లల కళ్ళకు కావలసిన విటమిన్-ఎ మూలపదార్థాన్ని ఇవ్వగలవు, గాదెను నింపలేవు. విజయతోటలు విజయం సాధించిన దేశాలలో రొట్టె, మాంసం వేరేదారిన అందుతూనే ఉన్నవి.

యుద్ధం ముగిసిన తరువాత 1946 వసంతంలో అమెరికాలో చాలమంది తోట వేయలేదు. బ్రిటన్‌లో యుద్ధంలో లేని రొట్టె రేషను 1946 జులైలో వచ్చి రెండేండ్లు నడచినది. రేషను పూర్తిగా తొలగినది 1954లో. ఆ తరువాత పెరళ్ళకు పచ్చిక తిరిగివచ్చినది.

నేడు శివారు పెరటిలో తోట మొదలుపెట్టేవారికి ఆనాటివారు ఎరుగని చిక్కు ఒకటి ఎదురుకావచ్చును. అది సీసం. పెట్రోలులో కలిపిన సీసం దశాబ్దాలపాటు రోడ్ల ప్రక్క నేలలో చేరినది. మన దేశంలో 2000లో, అమెరికాలో 1996లో దానిని వాహనాల పెట్రోలునుండి తొలగించినారు గాని, నేలలో చేరిన సీసం కుళ్ళదు, ఆవిరి కాదు. పాత గోడల రంగుపెచ్చులలోనూ అది ఉంటుంది. అందువలన పెద్దరోడ్డు అంచున, పాత గోడ మొదట్లో ఆకుకూరలు, దుంపలు వేయక, మట్టిని పరీక్ష చేయించి, అవసరమైతే గట్టుకట్టి వేరే మట్టి పోసిన మడిలో వేసుకోవడం మంచిది. పింగ్రీ తోటలు పెట్టించిన డెట్రాయిట్‌లోనే, మోటారు కార్ఖానాలు తగ్గి ఇళ్ళు ఖాళీపడిన తరువాత, ఆ ఖాళీస్థలాలలో ప్రజలు మరల కూరగాయలు పండిస్తున్నారు. వారు మొదట చేసే పని మట్టిని పరీక్షకు పంపడం.

బోస్టన్ నగరంలో ఫెన్‌వే అనేచోట 1942లో వేసిన విజయతోట మడులు నేటికీ సాగులో ఉన్నవి.